దిగ్భ్రాంతా, దిక్కు తోచకపోవడమా?

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ (కళ్లముందు కృత్రిమ లోకాన్ని చూపే పరికరం) పెట్టుకున్నవారు తాము ఎటు తిరిగి ఉన్నారో పోల్చుకోలేని స్థితిని తెలుగులో ఏమనాలన్న చర్చలో ఒక సభ్యులు “దిగ్భ్రాంతి” అన్న మాటను సూచించారు. వ్యుత్పత్తి ప్రకారం అది సరైనదే. కానీ నాయకులు ప్రతి దుర్ఘటనకూ దిగ్భ్రాంతి వ్యక్తం చేస్తూ రావడంతో, వార్తల భాషలో ఆ మాట నుంచి దిక్కు చెరిగిపోయి నిర్ఘాంతపోవడం ఒక్కటే మిగిలింది. నేను “దిక్కు తోచకపోవడం” వైపే మొగ్గుతాను.

“దారి తప్పడం” ఇక్కడ పొసగదు. తప్పడానికి ముందు దారి అంటూ ఒకటి ఉండాలి కదా. ఆ కృత్రిమ లోకంలో ఒక చోటి నుంచి మరో చోటికి ఒక్కసారిగా చేరే టెలిపోర్ట్ పద్ధతిలో, చేతిలోని కంట్రోలర్‌ను నేలమీద ఒక చోటికి గురిపెట్టి మీట వదలగానే మనిషి అక్కడ తేలతాడు. మధ్యలో అడుగులూ ఉండవు, పక్కనుంచి వెనక్కి జరిగే గోడలూ ఉండవు. వికారం కలగకుండా ఉండేందుకు ఈ పద్ధతి మేలే, అయితే చోటు మీద పట్టు మాత్రం సడలిపోతుంది.

అసలు అందం “తోచు” క్రియలో ఉంది. అది మనం పూనుకొని చేసే పని కాదు. దిక్కు మనకు తోస్తుంది. నిజంగా నడిచేటప్పుడు లోపలి చెవి తల తిరగడాన్నీ, కండరాలు అడుగులనూ మెదడుకు తెలుపుతూ ఉంటాయి కనుక, బయలుదేరిన చోటు ఎటుందో ఆలోచించకుండానే తడుతుంది. మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రాబర్టా క్లాట్‌స్కీ బృందం 1998లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక మలుపుతో రెండు అంచెలుగా సాగే దారి చివర నుంచి మొదటి చోటివైపు తిరగమని అడిగారు. ఆ దారిని ఊహించుకున్నవారూ, కదలికను తెరపై మాత్రమే చూసినవారూ మధ్యలోని మలుపు అసలు జరగనట్టే తిరిగారు. ఆ మలుపును ఒంటితో తిరిగినవారు సరైన వైపుకే తిరిగారు.

తెర మూలన దిక్సూచినో చిన్న పటాన్నో పెడితే దిక్కును చూసి తెలుసుకోవచ్చు గానీ, అది తోచడం కాదు. ఆ పటం మనతోపాటు తిరిగేదైతే తక్షణ మలుపుకు సాయపడుతుంది. మొత్తం ప్రదేశం మనసులో కుదురుకోవడానికి మాత్రం, ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండే పటం మెరుగు.

“దిక్కు”కు ఆసరా అన్న అర్థం కూడా ఉంది కాబట్టి నిస్సహాయత ధ్వనిస్తుందన్న అభ్యంతరం రావచ్చు. ఈ సందర్భంలో ఆ ఛాయ కొంత ఉన్నా నష్టం లేదు. పారిభాషిక పదంగా పొడవైందనుకుంటే, “ఎరుగమి”, “చేయమి” వంటి వ్యతిరేక భావార్థక రూపాల బాటలో “దిక్కుతోచమి” అనవచ్చునేమో వ్యాకరణం తెలిసినవారు పరిశీలించగలరు.