సొంత కథ సినిమా అయితే, జరగనిది చూపించొచ్చా?

గాంధీనగర్ బాల్కనీ:
మొన్న ఆదివారం గవర్నర్‌పేటలో ఒక మేడ మీద, ప్లాస్టిక్ కుర్చీలేసి వేసిన చిన్న సినిమా చూసొచ్చాను. హీరో లేడు, పాటల్లేవు, గంటన్నర. ఒకాయన తన జీవితంలోంచి రాసుకున్న ఆరు పేజీల కథ దానికి ఆధారం. చదవనివాళ్ళకి క్లుప్తంగా చెప్తాను. తండ్రి బెజవాడలో ఓ ప్రెస్సులో కంపోజిటర్, అంటే అచ్చుకి సీసపు అక్షరాలు పేర్చేవాడు. కొడుకు రాసిన మొదటి కథని ఆయనే కంపోజ్ చేస్తాడు. అచ్చయ్యాక చూస్తే "అమ్మ వంట మొదలుపెట్టింది" అని ఉండాల్సిన చోట "అమ్మ మంట మొదలుపెట్టింది" అని ఉంది. కాలేజీలో అందరూ నవ్వారు. కొడుకు ప్రెస్సుకొచ్చి ఓనరు ముందే తండ్రిని నానా మాటలూ అన్నాడు. తండ్రి తలొంచుకుని, చేతిలో పట్టుకునే చిన్న చట్రం లాంటి స్టిక్కులో అక్షరాలు పేర్చుకుంటూ ఉండిపోయాడు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో ఆ రాతప్రతి దొరికింది. అందులో కొడుకు దస్తూరీలోనే "మంట" అని ఉంది. కథ అంతే.

సినిమాలో ఆ కాగితం తండ్రి బతికుండగానే దొరుకుతుంది. కొడుకు ప్రకాశం బ్యారేజీ మీద ఆయన చేతులు పట్టుకుని ఏడుస్తాడు. చుట్టూ అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది. క్షమాపణ చెప్పుకునే వీలు లేకపోవడమే కదా ఆ కథ! కల్పన అయితే సరే. సొంత కథలో జరగనిదాన్ని జరిగినట్టు చూపించే హక్కు డైరెక్టరుకి ఉందా?

కృష్ణలంక కుర్రోడు:
ఉంది అన్నా. 'పథేర్ పాంచాలి' కూడా బెంగాలీ రచయిత బిభూతిభూషణ్ తన చిన్నతనం కలిపి రాసిన నవలే. 1955లో వచ్చిన సత్యజిత్ రాయ్ సినిమాలో అక్కాతమ్ముడు రెల్లుగడ్డిలోంచి పరిగెత్తుకెళ్ళి రైలు చూస్తారు కదా, నవలలో అలా కలిసి వెళ్ళినప్పుడు ఆ ఇద్దరికీ రైలు కనబడదు. ఆ ఇంట్లో ఉండే ముసలావిడ ఇందిర్ చావు నవలలో పెద్దవాళ్ళ ఎదుట జరుగుతుంది, సినిమాలో పిల్లల కంటపడుతుంది. ఇప్పుడు లోకమంతా గుర్తుపెట్టుకున్నది ఆ రైలునే.

అరండల్‌పేట నాలుగో లైను:
తమ్ముడూ, సగమే చెప్పావు. డబ్బు పెట్టిన బెంగాల్ ప్రభుత్వం ముగింపు మార్చి, ఊరు బాగుపడుతున్నట్టు చూపించమంటే రాయ్ ఒప్పుకోలేదు. రైలు చూపించడం వేరు, చివర్లో ఊరు వదిలి వెళ్ళిపోయే ఆ కుటుంబాన్ని ఆపేయడం వేరు. హక్కు మాటకొస్తే, 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఉంది. హక్కులు అమ్మేసుకున్నా సరే, రచనని వక్రీకరించి పరువు తీస్తే రచయిత కోర్టుకెళ్ళొచ్చు. హిందీ రచయిత్రి మన్నూ భండారీ 'ఆప్ కా బంటీ' నవలని సినిమావాళ్ళు పాడుచేశారని వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 1986లో ఆ సెక్షన్ సినిమాకీ వర్తిస్తుందని చెప్పింది.

బందరు కాలువ:
మీరంతా రచయిత, డైరెక్టరు అంటున్నారు. ఆ ఇంట్లో మిగతావాళ్ళ సంగతేమిటి? మా బాబాయి నా చెడిపోయిన సంబంధం గురించి కథ రాశాడు. పేరు మార్చాడు గానీ ఇంటి ముందు నందివర్ధనం చెట్టు మార్చలేదు. వీధిలో అందరికీ తెలిసిపోయింది. అడిగితే "సాహిత్యం అమ్మా" అన్నాడు. ఈ సినిమాలో తల్లిని గయ్యాళిని చేశారు. కథలో ఆవిడ గురించి రెండే వాక్యాలున్నాయి, రెండింట్లోనూ వంట చేస్తూనే ఉంది. ఆవిడ్ని ఎవరైనా అడిగారా?

కృష్ణలంక కుర్రోడు:
అలా అందర్నీ అడుగుతూ కూర్చుంటే సొంత కథ ఎవరూ రాయలేరు అక్కా.

బందరు కాలువ:
రాయొద్దనలేదు. చెట్టు మార్చమన్నాను.

పాత కంపోజిటర్:
ఇరవై రెండేళ్ళు టైపు పేర్చినవాణ్ణి. ఆ తండ్రిది తప్పు కాదని మొదటి పేరాలోనే నాకు తెలిసిపోయింది. కాపీలో, అంటే రాతప్రతిలో, ఏముంటే అదే పెట్టాలి, దిద్దడం ప్రూఫ్ చూసేవాడి పని. మాకు ముందు నేర్పింది అదే. నేనొకసారి తెలివికి పోయి ఓ కవిగారి మాట దిద్దితే, ఆయన ప్రెస్సుకొచ్చి గోల చేశాడు. తొందర్లో రాస్తే 'వ' చివర గీత కాస్త సాగినా 'మ' అయిపోతుంది. ఇక సినిమాలో ఆ నటుడు స్టిక్కు పట్టుకుని వాల్‌పోస్టరు చదివినట్టు చదువుతున్నాడు. టైపు అద్దంలో అక్షరంలా తిరగబడి ఉంటుందండీ. తలకిందులుగా పట్టుకుని ఎడమ నుంచి కుడికి చదివేవాళ్ళం. నాకు ఏడుపు సీను కన్నా అదే పెద్ద అబద్ధంలా అనిపించింది.

గాంధీనగర్ బాల్కనీ:
నిన్న ఏలూరు రోడ్డులో టీ కొట్టు దగ్గర డైరెక్టరు కనిపిస్తే అడిగేశాను. బ్యారేజీ సీను పెట్టమన్నది రచయితేనట! "నేనెలాగూ చెప్పలేకపోయాను, నువ్వైనా చెప్పించు" అన్నాడట. నాకు నోట మాట రాలేదు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. కాబట్టి హక్కు సంగతి వదిలేస్తున్నాను. ఆ సీను బాగోలేదన్న మాట మాత్రం మార్చుకోను. కథ చదివిన రాత్రి మా నాన్నకి ఫోన్ చేశాను. సినిమా చూసి బయటికొచ్చి బిర్యానీ తిన్నాను.

అరండల్‌పేట నాలుగో లైను:
అంటే తన కథని తనే చెడగొట్టుకున్నాడన్నమాట. దానికి 57వ సెక్షన్ పనికిరాదు.

పాత కంపోజిటర్:
చెప్పుకోనివ్వండి బాబూ, ఆయనా ముసలాడైపోయుంటాడు. ఆ డైరెక్టరు మళ్ళీ కనిపిస్తే, స్టిక్కు పట్టుకోవడం నేర్పడానికి నేను ఖాళీగానే ఉన్నానని చెప్పండి. పొద్దున పదకొండు దాటాక ఎప్పుడొచ్చినా సరే.