‘ధర తెగడం’, ‘సమతౌల్యం’ ఒకటేనా?

ప్రశ్న: నేను గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెబుతున్నాను. ‘సమతౌల్య ధర’ అన్న మాట పిల్లలకు ఒక పట్టాన ఎక్కడం లేదు. దానికి బదులు మిర్చి యార్డులో వినిపించే ‘ధర తెగింది’ అన్న మాట వాడితే తప్పా అండీ?

జవాబు: సగం ఒప్పు, సగం తప్పు అండీ. టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, గుప్పెడు కాయలు అరచేతిలో పోసుకుని, ఒకటి విరిచి చూసిన వ్యాపారి ఒక ధర అంటాడు. రైతు తల అడ్డంగా ఊపుతాడు. కమీషన్ వ్యాపారి మధ్యలో ఇంకో వంద కలుపుతాడు. ఆ లాగులాట ఆగిన క్షణాన్ని మనం ‘తెగడం’ అంటాం. అది ఒక సంఘటన, అదీ ఒక్క సరుకుకు. ‘సమతౌల్యం’ అలా కాదు, అది ఒక స్థితి. త్రాసు అనే అర్థమున్న ‘తుల’ నుంచి వచ్చిన ‘తుల్య’ శబ్దం అందులో ఉంది. అన్ని సరుకుల గిరాకీ, సరఫరా ఒకేసారి సరిపోయే ధరలను అది సూచిస్తుంది.

ఆ ధరలకు చేరే దారిని 19వ శతాబ్దంలో ఆర్థికవేత్త వాల్రాస్ ఫ్రెంచిలో చీకట్లో తడుముకోవడానికి వాడే మాటతో చెప్పాడు. మన ‘తడుములాట’ దానికి అచ్చంగా సరిపోతుంది: గిరాకీ మిగిలితే ధర పెంచడం, సరుకు మిగిలితే తగ్గించడం. అయితే కొన్ని షరతులకు లోబడి సమతౌల్యం ఉండి తీరుతుందని 1954లో ఆర్థికవేత్తలు కెన్నెత్ ఆరో, జెరార్డ్ డెబ్రూ నిరూపించినా, తడుములాటతో అది చేతికందుతుందన్న భరోసా లేదు. మూడు సరుకుల సంతలోనే ధరలు గానుగెద్దులా తిరుగుతూ ఉండిపోగలవని 1960లో హెర్బర్ట్ స్కార్ఫ్ అనే ఆర్థికవేత్త చూపాడు. సమతౌల్య ధరలను దగ్గరదగ్గరగా లెక్కగట్టే వేరే పద్ధతిని 1967లో ఆయనే ఇచ్చాడు. అంటే ధర ఎప్పటికీ తెగకపోయినా సమతౌల్యం ఉండవచ్చు. కనుక ‘తెగడం’ పోలికగా చెప్పండి, పర్యాయపదంగా వద్దు.

మరొకరి ప్రశ్న: మరి ‘గిట్టుబాటు ధర’?

జవాబు: అది ఇంకా దూరం. గిట్టుబాటు రైతు ఖర్చు వైపు నుంచి పుట్టిన మాట. సమతౌల్యం ఎవరికి ఖర్చులు వచ్చాయో అడగదు. పంట వెల్లువెత్తి శీతల గిడ్డంగులు నిండిన ఏడాది, కోత కూలికి కూడా చాలని ధర సమతౌల్య ధరే కావచ్చు. మాటలోని ‘సమ’ను చూసి పిల్లలు సమన్యాయమని పొరబడతారు, తరగతిలో ముందు ఆ ముడి విప్పి, తడుములాట సంగతి తర్వాత ఎత్తుకోండి.