మార్చి 29 ఆదివారం పాసోవర్ మిఠాయికి ఆరుగురు కావాలి

అందరికీ నమస్కారం. మన ఎడిసన్ (న్యూజెర్సీ) ఉగాది సంబరాల్లో ఈసారి ఇరుగుపొరుగు మిఠాయిల టేబుల్ నాది. హైలాండ్ పార్క్‌లో ఉండే నా యూదు స్నేహితురాలు వాళ్ల అమ్మమ్మ చేసిన క్యారెట్ ఇంగ్‌బర్లఖ్ అనే అల్లం మిఠాయి మనకు నేర్పుతానన్నారు. వాళ్ల వసంతకాలపు పండగ పాసోవర్ ఏప్రిల్ 1 బుధవారం సాయంత్రం మొదలవుతుంది. మన చైత్ర పౌర్ణమి కూడా అప్పుడే. శనివారం వాళ్లు పొయ్యి వెలిగించరు కాబట్టి ఆదివారం పొద్దున పెట్టుకున్నాం.

వంట మన హాల్లో కాదు, వాళ్లింట్లోనే. దయచేసి ఎవరూ ఇంటి నుంచి ఏమీ తేవద్దు, గరిటె కూడా. పోయినేడు పండగ వారంలో నేను ప్రేమగా బూందీ లడ్డూలు పట్టుకెళ్లాను. ఆవిడ నవ్వుతూ తీసుకుని గుమ్మం బయటే పెట్టారు. తర్వాత తెలిసింది: ఆ ఎనిమిది రోజులూ గోధుమ, బార్లీ, రై, ఓట్స్ లాంటి ధాన్యాలు పులిసి పొంగినవేవీ ఇంట్లోనే ఉండకూడదు. తూర్పు యూరప్ ఆచారం వాళ్లది కాబట్టి బియ్యం, పప్పులు, మొక్కజొన్న కూడా తినరు. శనగపిండి లడ్డు ఎలా తింటారు? ఆ రోజు నాకు చాలా బాధేసింది. ఈసారి మన చేతులతో చేసింది ఆవిడా, వాళ్లమ్మా పండగ రాత్రి తినగలగాలి. నాకు కావలసింది అదే.

పోయిన వారం వెళ్లి చూసొచ్చాను. దాదాపు కిలో క్యారెట్ సన్నగా తురిమి, అంతే పంచదార వేసి, మందపాటి గిన్నెలో సన్నసెగ మీద గంటకు పైగా కలుపుతూనే ఉండాలి. చివర్లో శొంఠి పొడి, పలుకుల్లా కొట్టిన వాల్‌నట్స్. గిన్నె అంచులు వదిలి ముద్దలా దగ్గరపడ్డాక, తడిపిన చెక్క మీద పోసి తడి చేత్తో పరుస్తారు. ఆ చెక్క ఏడాదికి ఒక్కసారే బయటికొస్తుంది. దాని మీద అమ్మమ్మ కత్తి గాట్లు అడ్డంగా, ఏటవాలుగా ఇప్పటికీ ఉన్నాయి. ఆవిడ ఆ గాట్ల వెంటే కోస్తారు. నాకు మా ఇంటి అల్లం మురబ్బా కళ్ల ముందు కనపడింది.

పేరు కూడా మనకు దగ్గరిదే. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో ఇంగ్‌బర్ అంటే అల్లం. ఆ మాట దక్షిణాది ‘ఇంజి వేర్’ నుంచి ప్రాకృతం, గ్రీకు, లాటిన్ మీదుగా వెళ్లిందని భాషావేత్తలు అంటారు. ఆ ‘వేర్’, మన తెలుగులో చెట్టు ‘వేరు’ ఒకటే.

మీ నుంచి వచ్చిన మాటలు, కింద నా జవాబులు:

— అక్కా, బెల్లం వేస్తే రుచిగా ఉంటుందేమో? మా ఇంట్లో మంచిది ఉంది.

వద్దమ్మా, వాళ్ల పద్ధతి మార్చొద్దు. సరుకులన్నీ ఆవిడే కొంటారు, ఖర్చు మనం ఇస్తాం. పొడి పంచదారలో మొక్కజొన్న పిండి కలుస్తుందని అది కూడా కొనరు.

— పొద్దున పులిహోర పోపు వేసి వస్తే ఫర్వాలేదా అండీ? ఇంగువ చేతికి అంటుకుంటుంది.

బాగా అడిగారు. డబ్బా ఇంగువలో చాలావరకు మైదా ఉంటుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, ఉతికిన బట్టలతో రండి. రెండు వాయిలు చేస్తాం. ఒకటి వాళ్లకే ఉంటుంది, రెండోది సాయంత్రం హాల్‌కి. టేబుల్ మీద ‘వాల్‌నట్స్ ఉన్నాయి’ అని పెద్దగా రాయాలి, పిల్లలకు అలర్జీలుంటాయి.

— నేను కలపడానికి వస్తా అక్కా. కార్లో ఇద్దరికి చోటుంది, తొమ్మిదికి బయల్దేరతా.

సరే తమ్ముడూ. నీతో నలుగురయ్యారు, ఇంకా ఇద్దరు కావాలి.