చార్లీ లేని రోలింగ్ స్టోన్స్‌ని రోలింగ్ స్టోన్స్ అనొచ్చా? (18 ఏళ్ళ తర్వాత కొత్త పాటలు)

బందరురోడ్డు_బాబాయ్:
నిన్న బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ ఆల్బమ్ ‘హాక్నీ డైమండ్స్’ మొదటి పాట నుంచి చివరిదాకా ఆపకుండా విన్నాను. 2023 అక్టోబర్‌లో వచ్చినప్పుడు అక్కడో ముక్క ఇక్కడో ముక్క విని వదిలేశా. అప్పటికి పాడే మిక్ జాగర్‌కి 80, గిటార్ వాయించే కీత్ రిచర్డ్స్‌కి రెండు నెలలు తక్కువ 80. మా ఇంట్లో ఆ వయసువాళ్ళు కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు, వీళ్ళు 18 ఏళ్ళ తర్వాత కొత్త పాటలతో వచ్చి దానికి గ్రామీ కూడా కొట్టారు. నాకైతే నచ్చింది. కానీ ఒకటి మనసులో పీకుతోంది. 1963 నుంచి డ్రమ్స్ మీద కూర్చున్న చార్లీ వాట్స్ 2021 ఆగస్టులో పోయాడు. ఆయన లేకుండా అదే పేరు పెట్టుకోవడం సబబేనా?

లెక్కల_మాస్టారు:
18 ఏళ్ళు తప్పు. 2016లో ఒక ఆల్బమ్ వచ్చింది. టైటిల్ మార్చండి.

బందరురోడ్డు_బాబాయ్:
మాస్టారూ, అది మొత్తం వేరేవాళ్ళ పాత బ్లూస్ పాటలు. సొంతంగా రాసుకున్న ఆల్బమ్ అంటే 2005 తర్వాత ఇదే.

లెక్కల_మాస్టారు:
అలాగైతే ‘సొంత పాటలు’ అని రాయాలి. అదీ పూర్తిగా నిజం కాదు, ఇందులో 12 ఉంటే చివరిది పాత బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాట. 11 అనండి.

కృష్ణలంక_కుర్రాడు:
తాతలు పాడితే తాతలు కొట్టుకుంటున్నారు, సూపర్.

రిమ్‌షాట్_గుంటూరు:
అనకూడదు. డ్రమ్స్ వాయించేవాడిగా చెప్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి. మామూలుగా మేం కుడిచేతి పుల్ల హై-హ్యాట్ (జంట తాళాలు) మీద ఆపకుండా నడిపిస్తూ ఎడమచేత్తో స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్ము) కొడతాం, రెండూ కలిసి పడతాయి. చార్లీ అలా కాదు. స్నేర్ మీద దెబ్బ పడే క్షణంలో ఆయన కుడిచెయ్యి పైకి లేచిపోతుంది, హై-హ్యాట్ మీద ఆ ఒక్క దెబ్బ పడదు. ఏ వీడియో అయినా పెట్టుకుని చేతులే చూడండి. ఆ కాస్త ఖాళీ వల్ల స్నేర్ ఒక్కటే చెంపమీద కొట్టినట్టు పొడిగా వినపడుతుంది, కీత్ గిటార్ వచ్చి ఆ సందులో కూర్చుంటుంది. ఇంటర్‌లో ఉన్నప్పుడు బ్రాడీపేటలో ఒక సీనియర్ ఇచ్చిన క్యాసెట్ అరిగిపోయేదాకా విని ఆరు నెలలు ప్రాక్టీస్ చేశాను. చెయ్యి లేస్తే టెంపో పోయేది, టెంపో నిలబెడితే చెయ్యి లేచేది కాదు. ఈ ఆల్బమ్‌లో ఆయన వాయించినవి రెండే రెండు, అవీ 2019లో రికార్డ్ చేసి పక్కన పెట్టినవి. మిగతా పదీ వేరే బ్యాండ్, నాకు సంబంధించినంతవరకు.

లెక్కల_మాస్టారు:
తొమ్మిది. చివరి పాటలో మిక్, కీత్ ఇద్దరే. అందులో అసలు డ్రమ్స్ లేవు.

కీస్_సత్యనారాయణపురం:
రిమ్‌షాట్ గారూ, వాయించేవాళ్ళంటే నాకూ గౌరవమే, నేనూ పాతికేళ్ళుగా కీబోర్డు మీద బతుకుతున్నవాణ్ణే. కానీ మీ లెక్కన అయితే ఈ బ్యాండ్ ఎప్పుడో చచ్చిపోయి ఉండాలి. పేరు పెట్టిన బ్రయాన్ జోన్స్ 1969లోనే బయటికి పోయాడు, అదే ఏడు చనిపోయాడు కూడా. బేస్ గిటార్ బిల్ వైమన్ 1993లో మానేశాడు. రాన్ వుడ్ వచ్చింది 1975లో, మరి ఆయన్ని ఇంకా కొత్తల్లుడి కిందే లెక్కేస్తారా? బండి టైర్లు మార్చినంత మాత్రాన బండి నంబరు మారదు కదండీ. ఇంకో సంగతి మీరు కావాలనే వదిలేశారు. ఇప్పుడు వాయిస్తున్న స్టీవ్ జోర్డన్‌ని కూర్చోబెట్టింది ఎవరు? చార్లీయే. 2021 టూర్‌కి ఒంట్లో బాగోక, నా బదులు నువ్వు వాయించమని ఆయనే అడిగాడు.

రిమ్‌షాట్_గుంటూరు:
టూర్‌కి అడిగాడు. ఆల్బమ్‌కి అని ఎక్కడుంది?

కీస్_సత్యనారాయణపురం:
ఇదేం వాదనండీ. కూతుర్నిచ్చి, కాఫీ మాత్రం తాగొద్దన్నట్టుంది.

బందరురోడ్డు_బాబాయ్:
మధ్యలో నా మాట. 2003 ఏప్రిల్‌లో వీళ్ళు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు మేం ముగ్గురం ఇక్కణ్ణుంచి రైల్లో వెళ్ళాం. మిక్ స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెడుతుంటే జనమంతా అటే చూస్తున్నారు, నాకు మాత్రం గుర్తుండిపోయింది వెనకాల, ఆఫీసులో ఫైలు చూస్తున్నట్టు మొహం పెట్టుకుని వాయించే ఆ పెద్దాయనే. అందుకే ఈ ప్రశ్న వేశాను. కొట్టుకోమని కాదు.

రిమ్‌షాట్_గుంటూరు:
పేరు నిలబడటానికి ఎవర్ని ఎలా వాడుకుంటారో కూడా చెప్పుకుందాం అయితే. ఇయాన్ స్టీవర్ట్ అని పియానో వాయించేవాడు, మొదటి రోజుల నుంచీ ఉన్నాడు. 1963లో మేనేజరు వచ్చి నీ వాలకం బ్యాండ్‌కి నప్పట్లేదని పక్కకి తప్పించాడు. వెళ్ళిపోయాడా? లేదు. వాళ్ళ వ్యాన్ తోలాడు, సామాన్లు మోశాడు, అవసరమైనప్పుడు పియానో వాయించాడు, 1985లో పోయేదాకా. దాన్ని మీరంతా గొప్ప స్నేహం అంటారు. నాకు అలా అనిపించదు.

కీస్_సత్యనారాయణపురం:
ఆయనే ఫీలవలేదు, మధ్యలో మీకెందుకండీ అంత బాధ? ఎవరి అవసరం ఎంతో అంతవరకే. మా ఫీల్డ్‌లో ఈ డ్రమ్మర్ల గోలే ఎప్పుడూ. వాళ్ళు లేకపోతే పాటే లేదన్నట్టు మాట్లాడతారు. పెళ్ళివాళ్ళు నలుగురికి మించి వద్దంటున్నారు, డ్రమ్స్ కిట్ ఎక్కించడానికి వేరే బండి కావాలి, సౌండ్ చెక్‌కి గంట. ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ అయితే చంకలో పెట్టుకుని వెళ్ళొచ్చు.

రిమ్‌షాట్_గుంటూరు:
అద్గదీ. నీ నోటితోనే వచ్చింది. మీలాంటివాళ్ళే చేశారు నాకు. 14 ఏళ్ళు ఒకే ఆర్కెస్ట్రాలో వాయించా, పేరు రాయను. నవమి పందిళ్ళు, చవితి పందిళ్ళు, తెనాలి నుంచి మాచర్ల దాకా డీసీఎంలో బేస్ డ్రమ్ముకి ఆనుకుని పడుకుని వెళ్ళేవాణ్ణి, పొద్దున ఇంటికొస్తే చెవుల్లో ఇంకా మోత. కరోనాలో మూతపడింది. 2022లో అరండల్‌పేటలో ఒక గోడమీద పోస్టర్ చూశాను, అదే పేరు, అవే ఎర్రక్షరాలు, ‘మళ్ళీ మీ ముందుకు’. నా చోట ఎవరో కుర్రాడు, ప్యాడ్స్‌తో. ఫోన్ చేస్తే ఏమన్నారో తెలుసా? మైక్ సెట్టింగ్ చూసుకోవడానికి వస్తావా అని. చార్లీ అడిగాడు, చార్లీ అడిగాడు అంటున్నావు. చార్లీ తనే చెప్పి కూర్చోబెట్టాడు కాబట్టి మర్యాదగా ఉంది. నన్నెవరు అడిగారు?

కృష్ణలంక_కుర్రాడు:
సారీ అన్నా. పైన జోకేశాను.

అడ్మిన్:
ఏకవచనం వద్దు. ఇద్దరికీ చెప్తున్నా.

కీస్_సత్యనారాయణపురం:
రిమ్‌షాట్ గారూ, ఆ ఆర్కెస్ట్రా నాది కాదు, అది ముందు తెలుసుకోండి. నాది ఇద్దరం కలిసి పెట్టింది. మావాడు పాడేవాడు, నేను కీస్. బ్యానర్ మీద ఉన్నది వాడి పేరే. 2020లో పోయాడు. నేను పేరు మార్చి ఉంటే ఒక్క బుకింగ్ వచ్చేది కాదు, మూఢం వస్తే ఎలాగూ పస్తులే, నన్ను నమ్ముకుని ఇంకో ఐదుగురున్నారు. కొత్త కుర్రాడితో పాడించాను, రెండు పాటలు మేమే కట్టుకుని పాడుతున్నాం కూడా. దీన్ని మీరు పేరు దొంగతనం అంటే అనుకోండి. ప్రతి ప్రోగ్రామ్‌కీ వాడి భార్యకి వాటా ఇచ్చి వస్తున్నాను.

రిమ్‌షాట్_గుంటూరు:
కోపంలో ఏకవచనం వచ్చింది, ఏమనుకోకండి. మీరు చేసింది తప్పని నేననను. పేరు పెట్టుకోవచ్చా అని ఆవిణ్ణి అడిగే పెట్టుకుని ఉంటారు కదా, ఇంతసేపూ నా గోల అదే. అడిగితే నేనే వెళ్ళు, వాయించుకో అనేవాణ్ణి. ఆ కుర్రాడికి రెండు రోజులు నేర్పి మరీ పంపేవాణ్ణి.

కీస్_సత్యనారాయణపురం:
అడగలేదండీ.

కవరు ఇస్తాను, కాఫీ ఇస్తుంది, వచ్చేస్తాను. పేరు సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే వద్దంటుందేమోనని భయం.

బందరురోడ్డు_బాబాయ్:
నేను అనవసరంగా మొదలుపెట్టానేమో. రిమ్‌షాట్ గారూ, ఇప్పుడు వాయిస్తున్నారా?

రిమ్‌షాట్_గుంటూరు:
కిట్ అమ్మేశా. స్నేర్ ఒక్కటే అటక మీద ఉంది. చర్మం వదులైపోయి ఉంటుంది.

లెక్కల_మాస్టారు:
టైటిల్‌లో ఇంకా 18 ఏళ్ళనే ఉంది.