ఏడో మ్యాచ్‌కి గోల్‌లో ఎవరు? ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్ గోలీలను అసలు ఏ కొలతతో పోల్చాలి?

నీలిగీత:

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌ల చరిత్రలో మేటి గోలీ (గోల్‌కీపర్) ఎవరని అడిగితే చర్చ ఎప్పుడూ రెండు అంకెల దగ్గరే ఆగిపోతోంది. ప్యాట్రిక్ రువాకి 151 గెలుపులు, మార్టిన్ బ్రొడూర్‌కి 24 షటౌట్లు (ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు). రెండూ రికార్డులే, కాదనను. కానీ 1952లో టెర్రీ సాచుక్ డెట్రాయిట్ తరఫున ఎనిమిది మ్యాచ్‌లు ఆడి ఎనిమిదీ గెలిచాడు. నాలుగు షటౌట్లు, మొత్తం మీద వదిలింది 5 గోల్స్. అప్పట్లో లీగ్ టైటిలైన స్టాన్లీ కప్‌కి 8 గెలుపులు చాలు, ఇప్పుడు 16 కావాలి. గెలుపుల మొత్తం చూస్తూ కూర్చుంటే సాచుక్ ఎప్పటికీ పైకి రాడు.

సేవ్ శాతం (వచ్చిన షాట్లలో నూటికి ఎన్ని ఆపాడు) చూద్దామా అంటే అదీ ఇబ్బందే. 1980లలో ఎడ్మంటన్‌కి కప్పులు తెచ్చిన గ్రాంట్ ఫ్యూర్ అంకెలు ఈ రోజుల్లో రెండో గోలీ అంకెల్లా కనిపిస్తాయి. కాలాలు కలిపి పోల్చడానికి పనికొచ్చే పద్ధతి ఏదైనా ఉందా? ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో కప్ తేల్చే ఏడో మ్యాచ్‌కి ఒక్కరినే ఎంచుకోమంటే మీరెవరిని నిలబెడతారు?

క్రీజ్‌కాపలా:

పద్ధతి ఉంది, కాగితం మీద రెండు నిమిషాల పని. గోలీ ఎదుర్కొన్న షాట్లు తీసుకోండి. ఆ సీజన్‌లో లీగ్ సగటు సేవ్ శాతం చూడండి. సగటు గోలీ ఆ షాట్లకి ఎన్ని గోల్స్ వదిలేవాడో గుణించి, అందులోంచి మన గోలీ నిజంగా వదిలినవి తీసేయండి. మిగిలింది అతను ఒంటిచేత్తో ఆపిన గోల్స్.

రువా, 1993, మాంట్రియల్. 647 షాట్లు, 46 గోల్స్. ఆ ఏడాది లీగ్ సగటు సుమారు 88.5 శాతం, అంటే సగటు గోలీ 74 దాకా వదిలేవాడు. తేడా 28.

జిగేర్, 2003, అనహైమ్. 697 షాట్లు, 38 గోల్స్. సగటు 90.9 చొప్పున 63 పడాలి. తేడా 25.

టిమ్ థామస్, 2011, బోస్టన్. 849 షాట్లు, 51 గోల్స్. 91.3 చొప్పున 74 పడాలి. తేడా 23. ఒకే ప్లేఆఫ్స్‌లో 798 సేవ్‌లన్నది అప్పటికి రికార్డు.

జోనథన్ క్విక్, 2012, లాస్ ఏంజిలిస్. 538 షాట్లు, 29 గోల్స్. 91.4 చొప్పున 46. తేడా 17.

సేవ్ శాతం ఒక్కటే చూస్తే ఈ నలుగురిలో రువా ఆఖరివాడు, 92.9. క్విక్ ముందువాడు, 94.6. కాలాన్ని లెక్కలోకి తేగానే వరుస తలకిందులైంది. అందుకే ఒకే ఏడాది ఆట అంటే నా ఓటు 1993 రువాకే. పైగా ఆ ప్లేఆఫ్స్‌లో మాంట్రియల్ తొలి ఓవర్‌టైమ్ మ్యాచ్ క్విబెక్‌కి పోగొట్టుకుని, తర్వాత వరుసగా పది ఓవర్‌టైమ్‌లు గెలిచింది. ప్లేఆఫ్ ఓవర్‌టైమ్‌లో మొదట పడిన గోల్‌తోనే ఆట ముగుస్తుంది. పది సార్లు ఆ అంచున నిలబడి ఒక్కటీ వదలకపోవడం ఇంకే గోలీ విషయంలోనూ చూడలేదు.

ఒక్క జాగ్రత్త: 650 షాట్ల మీద కేవలం అదృష్టం వల్లే 7 గోల్స్ అటూ ఇటూ అవుతాయి. కాబట్టి 28కీ 25కీ మధ్య తేడా పట్టుకుని గొడవపడొద్దు. 28కీ 17కీ మధ్య తేడాకైతే కొంత అర్థం ఉంది.

పక్‌వైపే_చూపు:

లెక్క బాగుంది, కానీ అది బ్రొడూర్‌కి అన్యాయం చేస్తుంది. గోలీ ఎన్ని షాట్లు ఎదుర్కొంటాడన్నది అతని చేతిలో లేనట్టు ఆ పద్ధతి అనుకుంటోంది. బ్రొడూర్ విషయంలో అది తప్పు.

ప్రత్యర్థి మన జోన్ మొదలయ్యే నీలిగీతని పక్‌తో (ఆటలో కొట్టే రబ్బరు బిళ్లతో) దాటలేక, దాన్ని రింక్ అంచు బోర్డుల వెంట లోపలికి కొట్టి వెంటపడతాడు. మామూలు గోలీ అయితే డిఫెన్స్‌మన్ వెనక్కి పరుగెత్తి, వీపు చూపించి పక్ అందుకోవాలి, అంతలో మీద పడతారు. బ్రొడూర్ గోల్ వదిలి వెనక్కి వెళ్లి, పక్ మూలకి చేరకముందే స్టిక్‌తో ఆపి, తల ఎత్తి చూసి, ఖాళీగా ఉన్నవాడికి పాస్ ఇచ్చేవాడు. అక్కడితో ప్రత్యర్థి దాడి ముగిసినట్టే. రాని షాట్‌కి సేవ్ ఎక్కడ రాస్తారు? ఇది ఎంత ఇబ్బంది పెట్టిందంటే 2005-06 నుంచి లీగ్ గోల్ వెనక ట్రెపీజియం గీత గీసి, గోల్ లైన్ వెనక గోలీ పక్‌ని ఆ గీతల మధ్యే తాకాలని నియమం పెట్టింది.

2003 ప్లేఆఫ్స్‌లో అతనివి 7 షటౌట్లు, అది ఇప్పటికీ రికార్డు. ఫైనల్ 1, 2, 7 మ్యాచ్‌లు మూడూ 3-0. మీరు పైన మెచ్చుకున్న జిగేర్ అవతలి గోల్‌లో ఉండగానే. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ ఓడిపోయిన జిగేర్‌కి ఇచ్చారు, కప్ మాత్రం బ్రొడూర్ జట్టు న్యూజెర్సీకి వెళ్లింది. ఏడో మ్యాచ్ అంటున్నారు కదా, ఆ ఏడో మ్యాచ్‌లో గోల్ పడనివ్వనివాడు బ్రొడూర్.

మూడోపీరియడ్:

రువా, జిగేర్ ఇద్దరి పేర్లూ పక్కపక్కన రావడం యాదృచ్ఛికం కాదు. ఇద్దరికీ గోలీ కోచ్ ఫ్రాంస్వా అలేర్, ఇద్దరిదీ బటర్‌ఫ్లై పద్ధతే. ఎందుకు పనిచేస్తుందో చూస్తేనే కాలాల మధ్య తేడా అర్థమవుతుంది.

గోల్ 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. షాట్లలో ఎక్కువ భాగం కిందికే వస్తాయి. బటర్‌ఫ్లైలో మోకాళ్లు దగ్గరగా మంచు మీద ఆనించి, పాదాలు రెండువైపులకీ చాపితే ప్యాడ్ల ముఖాలు నిలువుగా అడ్డుగోడలా నిలుస్తాయి. కింది భాగం మూసుకుపోతుంది, షూటర్ పై మూలలు వెతుక్కోవాలి. అక్కడ పక్ పెట్టాలంటే తక్కువ చోటు, తక్కువ సమయం. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తొందరపడి ముందే కూలబడటం దగ్గర. పక్ స్టిక్ మీద ఉండగానే మోకాళ్లు దిగితే భుజాలు కూడా దిగుతాయి, గ్లవ్ పైన ఖాళీ తెరుచుకుంటుంది. మంచి షూటర్ అర సెకను ఆగి అక్కడికే కొడతాడు. దిగే క్షణంలో కాళ్ల మధ్య సందు కూడా అంతే ప్రమాదం, స్టిక్ బ్లేడు మంచుని వదిలిందంటే గోల్ పడ్డట్టే.

ఇక ప్యాడ్లు. 1989 దాకా వెడల్పు పరిమితి 10 అంగుళాలు, తర్వాత 12, 2005 నుంచి 11. అంటే 1983లో బిల్లీ స్మిత్ ఇరుకు ప్యాడ్లతో, ఎక్కువగా నిలబడి ఆడుతూ, ఆ సీజన్‌లో 424 గోల్స్ కొట్టిన ఎడ్మంటన్‌కి నాలుగు మ్యాచ్‌ల ఫైనల్‌లో ఆరే ఇచ్చాడు. గ్రెట్స్‌కీకి ఒక్క గోల్ కూడా దక్కలేదు. అతని జట్టు న్యూయార్క్ ఐలాండర్స్ వరుసగా నాలుగు కప్పులు, 19 సిరీస్‌లు గెలిచారంటే వెనక అతను ఉన్నాడు. సగటుతో పోల్చే లెక్క పరికరాల తేడాని కొంత సర్దుతుంది, ఎందుకంటే సగటు గోలీ కూడా అవే ప్యాడ్లు కట్టాడు.

బఫలో గోలీ డొమినిక్ హాషెక్ ఈ చట్రంలో ఇమడడు. పడుకుని, దొర్లి, స్టిక్ వదిలేసి ఉత్త చేత్తో పక్ మీద చెయ్యి వేసేవాడు. పద్ధతి లేదనుకుంటే పొరపాటు. పక్ ఎక్కడికి వెళ్లగలదో ముందే చదివి ఆ దారికి ఒళ్లు అడ్డం పెట్టడమే అతని పద్ధతి. 1994 ఏప్రిల్ 27న న్యూజెర్సీ మీద 125 నిమిషాల 43 సెకన్లు ఆడి 70 షాట్లు ఆపాడు, బఫలో 1-0తో నాలుగో ఓవర్‌టైమ్‌లో గెలిచింది. కాళ్లు బరువెక్కాక ముందు చెడేది లేచే వేగం. మొదటి షాట్ ఆగుతుంది, రీబౌండ్‌కి లేవలేరు. ఆ రాత్రి హాషెక్ లేవాల్సిన పనే పెట్టుకోలేదు, కింద ఉండే రెండోదీ ఆపాడు. అవతల బ్రొడూర్ కూడా ఒక్కటే వదిలాడన్నది మరవొద్దు.

నీలిగీత:

చాలా థ్యాంక్స్, సగటుతో తేడా లెక్క పట్టుబడింది. ఒక్క అభ్యంతరం క్రీజ్‌కాపలా గారూ. నేనడిగింది ఏడో మ్యాచ్. ఏడో మ్యాచ్‌లలో రువా రికార్డు 6 గెలుపులు, 7 ఓటములు. 2002లో డెట్రాయిట్ మీద ఆరో మ్యాచ్‌లో పక్ దొరికిందనుకుని గ్లవ్ పైకెత్తాడు, పక్ కిందపడి షానహాన్ కొట్టేశాడు. ఏడో మ్యాచ్ 7-0, అందులో ఆరు రువా ఖాతావే. మరి ఆ ఒక్క రాత్రికి అతన్నే పెడతారా?

క్రీజ్‌కాపలా:

పదమూడు మ్యాచ్‌ల రికార్డుతో మనిషిని తూచలేం, ఓడిన వాటిలో జట్టు ఎన్ని గోల్స్ కొట్టిందో కూడా చూడాలి. అయినా మీ ప్రశ్న న్యాయమైనదే. మూడు కాన్ స్మైత్‌లు (1986, 1993, 2001) గెలిచినవాడు ఇంకెవరూ లేరు కాబట్టి రెండు నెలల పోరాటానికి నాకు రువాయే కావాలి. ఒక్క రాత్రికైతే నేను 2011 థామస్ వైపు మొగ్గుతాను. ఆ ఏడాది బోస్టన్ మూడు ఏడో మ్యాచ్‌లు ఆడింది. మాంట్రియల్ మీద ఓవర్‌టైమ్‌లో 4-3, టాంపా మీద 1-0, ఫైనల్‌లో వాంకూవర్ సొంత మంచు మీదే 4-0. ఫైనల్ ఏడు మ్యాచ్‌లలో కలిపి అతను వదిలింది ఎనిమిదే.

పక్‌వైపే_చూపు:

ఒక్క రాత్రి అంటే కెన్ డ్రైడెన్ పేరు రాకుండా ఎలా? 1971లో రెగ్యులర్ సీజన్‌లో ఆరే మ్యాచ్‌లు ఆడిన కుర్రాణ్ని మాంట్రియల్ నేరుగా ప్లేఆఫ్స్‌లో దించింది. ఎదురుగా ఆ సీజన్‌లో 399 గోల్స్ కొట్టిన బోస్టన్, అందులో బాబీ ఆర్, ఫిల్ ఎస్పొసిటో లాంటి మేటి ఆటగాళ్లు. ఏడు మ్యాచ్‌లలో వాళ్లని ఇంటికి పంపాడు, ఫైనల్‌లో షికాగోని కూడా ఏడో మ్యాచ్‌లో 3-2తో. కాన్ స్మైత్ ముందు వచ్చింది, ఉత్తమ కొత్త ఆటగాడి ట్రోఫీ మరుసటి ఏడాది వచ్చింది. మొత్తం 112 ప్లేఆఫ్ మ్యాచ్‌లలో 80 గెలుపులు. అతని జట్టు బలమైనదే, కానీ 1971 నాటి బోస్టన్ అంతకన్నా బలమైనది.

మూడోపీరియడ్:

ఈ తరం నుంచి టాంపా గోలీ వాసిలెవ్‌స్కీని వదిలేశారు. సిరీస్ ముగించే మ్యాచ్‌లలో వరుసగా ఐదు షటౌట్లు: 2020 ఫైనల్ డల్లాస్ మీద, తర్వాత 2021లో ఫ్లోరిడా, కరోలినా, ఐలాండర్స్, మాంట్రియల్. వాటిలో ఐలాండర్స్‌ది ఏడో మ్యాచ్, 1-0. మాంట్రియల్‌తో ఆఖరిదీ 1-0. ఒక్కటి జారినా లెక్క మారిపోయే స్కోర్లు అవి. నీలిగీత గారూ, ఒక్క రాత్రికే అయితే నా గోల్‌లో అతనే.