40 మి.మీ. ఉక్కు ప్లేట్ల బట్ జాయింట్: డబుల్ వీ వెల్డింగ్ క్రమంపై సలహా కావాలి

40 మి.మీ. మందం గల రెండు ఉక్కు ప్లేట్లను అంచుకు అంచు చేర్చి, పూర్తి మందం మేర అతుకు పడేలా ఆర్క్ వెల్డింగ్ చేయవలసి ఉంది. రసాయన విశ్లేషణను బట్టి లెక్కిస్తే ఈ ఉక్కు కార్బన్ ఈక్వివలెంట్ (వెల్డింగ్ వేడికి ఉక్కు ఎంతగా గట్టిపడే అవకాశం ఉందో సూచించే సంఖ్య) 0.44 వచ్చింది. సింగిల్ వీ గాడి (ఒకే వైపు నుంచి V ఆకారపు గాడి) కోస్తే, అదే కోణం గల డబుల్ వీతో (రెండు వైపుల నుంచీ V గాడితో) పోల్చినప్పుడు నింపవలసిన లోహం దాదాపు రెట్టింపు కావడమే కాక, సంకోచమంతా ఒకే వైపు పడి ప్లేట్లు వంగుతాయి కనుక, 60 డిగ్రీల డబుల్ వీని ఎంచుకున్నాను.

నా అసలు సందేహం వెల్డింగ్ క్రమం గురించి. ప్లేట్లు బరువైనవి కావడంతో ఒక్కో వెల్డింగ్ పొరకు, అంటే ప్రతి పాస్‌కూ క్రేన్‌తో తిప్పడం సాధ్యం కాదు. మొదటి వైపు ఎంత లోతు నింపిన తర్వాత తిప్పి, వెనుక నుంచి గాడి అడుగు భాగమైన రూట్‌ను గౌజింగ్ చేయడం (శుభ్రమైన లోహం వరకు తొలచడం) మంచిది? గౌజింగ్‌లో కొంత లోహం పోతుంది కాబట్టి రెండో వైపు గాడిని ముందే కాస్త తక్కువ లోతుగా కోయాలా?

తక్కువ హైడ్రోజన్ రకానికి చెందిన E7018 ఎలక్ట్రోడ్లను (వెల్డింగ్ కడ్డీలను) తేమ పోయేలా 350 డిగ్రీల సెల్సియస్ వద్ద బేకింగ్ చేసే వాడతాం. ఆ విషయంలో రాజీ లేదు. అయితే మందపాటి లోహం వేడిని త్వరగా లాగేసుకోవడం వల్ల అతుకు పక్కన ఉక్కు గట్టిపడి, అతుకులో చేరిన హైడ్రోజన్ వల్ల వచ్చే పగుళ్లకు అవకాశం ఉంటుంది. ఇందుకు 110 డిగ్రీల ప్రీహీట్ (వెల్డింగ్‌కు ముందు ప్లేట్లను వేడిచేయడం) సరిపోతుందా, లేక 150 వరకు వెళ్లాలా? మధ్యలో పని ఆపవలసి వస్తే ఆ వేడిని ఎలా నిలుపుతారో కూడా, ఇంతటి మందంపై పనిచేసినవారు దయచేసి తెలియజేయగలరు.