విపత్తు సాయంలో పెద్దరికం ఎవరిది? కాస్త చెప్పండి

మాది ఒడిశాలో పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ, వచ్చే వారం కాలేజీలో డిబేట్ ఉంది. ఒక దేశంలో విపత్తు వస్తే బయటి సాయాన్ని ఐక్యరాజ్యసమితి నడిపించాలా, పెద్ద దేశాలా అని. మాట్లాడేది ఒడియాలో, కానీ ఇంట్లో వాదించుకునేది తెలుగులోనే, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నాకు తెలిసింది ఇంత. 2004 సునామీకి అమెరికా, భారత్, జపాన్, ఆస్ట్రేలియా కలిసి సాయం నడిపించడానికి కోర్ గ్రూప్ పెట్టుకున్నాయి, సమితిని పక్కకు నెడుతున్నారని విమర్శలొచ్చి కొద్ది రోజుల్లోనే దాన్ని ఎత్తేసి బాధ్యత సమితికే ఇచ్చారు. 2010లో భూకంపం తర్వాత హైతీ ఎయిర్‌పోర్టు అమెరికా చేతిలో ఉంటే, సాయం తెచ్చిన విమానాన్ని దిగనివ్వలేదని ఫ్రాన్స్ మంత్రి గొడవ పెట్టాడు.

1991 నాటి సమితి తీర్మానం ప్రకారం మొదటి బాధ్యత దెబ్బతిన్న దేశానిదేనట. మరి 2008లో నర్గీస్ తుఫానప్పుడు బర్మా సైనిక పాలకులు విదేశీ సిబ్బందిని వారాల తరబడి రానివ్వలేదు కదా, చివరికి ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ మధ్యవర్తిత్వం చేయాల్సొచ్చింది. అలాంటప్పుడు ఆ తీర్మానం ఎవరికి అక్కరకొచ్చినట్టు?

2018లో తిత్లీ తుఫానప్పుడు మా వీధికి ఒకే పూట రెండు బండ్ల బియ్యం వచ్చాయి, పక్క ఊరికి ఒక్కటీ పోలేదు. కాబట్టి ఎవరో ఒకరు పెద్దగా ఉండాలంటాను నేను. ఆ పెద్దే మన ఇంట్లో కూర్చుంటే ఎలా నాన్నా అంటుంది మా పిల్ల.

ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లెవరైనా చెప్పండి: సమితికి ఆజ్ఞాపించే అధికారం ఉందా, లేక సర్దిచెప్పడమేనా? సొంత ఓడలు, హెలికాప్టర్లు ఉన్న దేశం మాట వినకపోతే ఏం చేస్తారు?